ఉపన్యాసంలో ఆగడం నేర్పడానికి ఆడాసిటీ: ఒక తెలుగు టీచర్ సమీక్ష

మా హైస్కూల్లో వక్తృత్వ పోటీలకు పిల్లల్ని తయారుచేసే పని నాది. తెలుగు టీచర్ని కాబట్టి ఎవరూ అడక్కుండానే నా మీద పడింది. నాకూ అది ఇష్టమైన పనే. మండల స్థాయి, డివిజన్ స్థాయి, బాగా చెబితే జిల్లా స్థాయి. ఐదు నిమిషాల టైము, నాలుగో నిమిషానికి ఒక బెల్లు, ఐదుకి రెండో బెల్లు. ఈ పనికి నేను వాడేది ఆడాసిటీ, గొంతు రికార్డు చేసి దిద్దుకునే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్. పాటలు రికార్డు చేసుకునేవాళ్లూ, పాడ్‌కాస్టులు చేసేవాళ్లూ దీని గురించి బోలెడు రాశారు. వేదిక మీద మాట్లాడటం నేర్చుకునేవాళ్లకు ఇదెంత పనికొస్తుందో తెలుగులో ఎవరైనా రాస్తే చదవాలని చూశాను, నాకు దొరకలేదు. అందుకే నేనే రాస్తున్నాను.

పిల్లల మాటల్ని సరిదిద్దడానికి నేను దీన్ని వాడను. ఆ పని చెవితో అయిపోతుంది. మాటకీ మాటకీ మధ్య ఉండాల్సిన ఖాళీని చూపించడానికి వాడతాను. చెవికి పట్టని ఆ ఖాళీ దీంట్లో కంటికి కనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్ సంగతి క్లుప్తంగా. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టారు. 2000 నుంచి అందరికీ ఉచితంగా అందుతోంది. 2021లో మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ చేతికి వెళ్లింది, అయినా ఇప్పటికీ ఉచితమే, ఓపెన్ సోర్సే (అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు). విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. స్కూల్లో ఉన్న పాత లాప్‌టాప్ చాలు. నాకు అన్నిటికంటే నచ్చింది ఏమిటంటే, ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే ఇంటర్నెట్ అక్కర్లేదు, అకౌంటూ అక్కర్లేదు. ఈమధ్య వెర్షన్లలో ఆన్‌లైన్‌లో దాచుకునే సదుపాయం కూడా ఇచ్చారు, కానీ అది మన ఇష్టం. పిల్లల గొంతులు రికార్డు చేస్తున్నప్పుడు అవి మన లాప్‌టాప్ దాటి బయటికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక అసలు విషయం.

మన దగ్గర మంచి వక్త అంటే ఆగకుండా మాట్లాడేవాడు. "గడగడా చెప్పేసింది", "ఎక్కడా తడుముకోలేదు", "అనర్గళంగా మాట్లాడాడు" అనేవే మెచ్చుకోళ్లు. పిల్లల చెవిలో చిన్నప్పటి నుంచీ ఇవే పడతాయి. దాంతో ఆగడమంటే మర్చిపోవడమే అన్న భయం వాళ్లలో పాతుకుపోతుంది. రాసిచ్చిన ఉపన్యాసాన్ని బట్టీపట్టి, మైకు ముందుకొచ్చిన క్షణం నుంచి "ఇంతటితో ముగిస్తున్నాను" వరకూ ఒకే ఊపులో లాగేస్తారు. వినేవాళ్లకు పదాలు వినబడతాయి, విషయం మాత్రం ఎక్కదు. ఐదు నిమిషాల తర్వాత ఏం చెప్పిందని అడిగితే "బాగా చెప్పింది" అంటారు తప్ప ఫలానాది చెప్పిందని చెప్పలేరు.

"కొంచెం ఆగమ్మా" అంటే పిల్లలు ఆగరు. ఆగామనుకుంటారు. దీనికో కారణం ఉంది. మామూలుగా ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు ఒకరు ముగించాక రెండోవారు అందుకోవడానికి పట్టే సమయం సెకనులో అయిదో వంతు దాకా ఉంటుంది. ప్రపంచంలో పది భాషల మీద చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో తేలిన సగటు అది. ఇంట్లో, బడిలో, బస్సులో రోజంతా ఆ లెక్కకు అలవాటుపడిన మనిషికి వేదిక మీద ఒక్క సెకను ఊరుకోవడమంటే చాలా పెద్ద ఖాళీ. గుండె దడదడలాడుతున్నప్పుడు అది ఇంకా పెద్దదిగా తోస్తుంది. కింద కూర్చున్నవాళ్లకు మాత్రం అది ఊపిరి తీసుకునేంత సేపే. ఈ తేడాని నోటితో ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు నమ్మరు. తెర మీద చూపిస్తే నమ్ముతారు.

మా తొమ్మిదో తరగతి అమ్మాయి తాగునీటి మీద మాట్లాడింది. గొంతు బాగుంటుంది, ఉచ్చారణలో వంక పెట్టడానికి లేదు. రికార్డు చేసి ఆడాసిటీలో చూపించాను. మాట ఉన్నచోట నీలం రంగు అల పైకీ కిందికీ లేస్తుంది, మాట లేనిచోట సన్నటి గీత మిగులుతుంది. ఆ అమ్మాయి రికార్డింగులో మొదటి నుంచి చివరిదాకా నీలం గోడే. మధ్యలో అక్కడక్కడా గీత కనిపించింది కానీ, దగ్గరికి జూమ్ చేస్తే అది ఊపిరి పీల్చుకున్న చోటు. అదీ వాక్యం మధ్యలో, ఊపిరి అయిపోయి ఎక్కడ పడితే అక్కడ. ఊపిరి కూడా చిన్న మొటిమలాగా కనబడుతుంది ఇందులో.

"టీచర్, ఫుల్‌స్టాప్ దగ్గర కూడా ఆగలేదా నేను?" అంది.

"నువ్వే చూడమ్మా, ఫుల్‌స్టాప్ ఎక్కడుందో వెతుకు" అన్నాను. మౌస్ పట్టుకుని వెతికింది. రెండు వాక్యాల మధ్య చోటుని సెలెక్ట్ చేస్తే కింద పట్టీలో అది ఎంతసేపో సెకన్లలో చూపిస్తుంది. సున్నా పాయింట్ రెండు, సున్నా పాయింట్ ఒకటి. ఆ అంకెలు చూశాక నేను ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ ఉపన్యాసంలో ఒక చోటుంది. "మా ఊళ్లో బోర్లు నాలుగున్నాయి. మే నెల వచ్చేసరికి ఒక్కదాంట్లోనూ నీళ్లుండవు. ప్రభుత్వం ఎన్నో పథకాలు ప్రవేశపెట్టింది." మూడు వాక్యాలూ ఒకే ధాటిలో పోయాయి. నిజానికి ఆ ఉపన్యాసం మొత్తంలో తనది అని చెప్పుకోదగ్గ మాట ఆ రెండో వాక్యమే. మిగతాదంతా ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. దాని వెనకే పథకాలు వచ్చి పడటంతో ఎండిపోయిన బోర్లు ఎవరికీ కనబడకుండా పోయాయి.

ఇక్కడే ఆడాసిటీలో నాకు బాగా ఉపయోగపడే పరికరం ఉంది. జనరేట్ మెనూలో సైలెన్స్ అని ఉంటుంది. కర్సర్‌ని కావలసిన చోట పెట్టి, ఎన్ని సెకన్లు కావాలో చెబితే అంత ఖాళీ అక్కడ చొప్పిస్తుంది. "నీళ్లుండవు" తర్వాత రెండు సెకన్లు పెట్టి వినిపించాను. తన గొంతే, తన మాటలే, మార్చింది ఆ ఖాళీ ఒక్కటే. ఆ అమ్మాయి మళ్లీ వేయమంది. మళ్లీ వేశాను. "టీచర్, ఇది నేను చెప్పినట్టు లేదు, నిజంగా జరిగినట్టుంది" అంది. వక్తృత్వం మీద నేను తరగతిలో చెప్పిన ఏ పాఠమూ అంత పని చేయలేదు.

వాడబోయేవాళ్లకు ఒక చిన్న కిటుకు చెబుతాను. జనరేట్ మెనూతో వచ్చే నిశ్శబ్దం పూర్తి సున్నా. గదిలో ఫ్యాను హోరు, బయట పిల్లల అలికిడి, ఏదీ ఉండదు. రికార్డింగులో మిగతా చోటంతా ఆ హోరు ఉండి, ఇక్కడ ఒక్కసారిగా పోతే కరెంటు పోయినట్టుగా వినిపిస్తుంది. అందుకని మొదట్లో మాట ఎత్తుకోకముందు ఉన్న ఫ్యాను హోరుని కాస్త కాపీ చేసి, ఆగాల్సిన చోట పేస్ట్ చేయండి. అప్పుడు అది సభలో మనిషి ఆగినట్టుగానే ఉంటుంది. ఇలా చేస్తుండగా నాకు అర్థమైన సంగతి, మనిషి ఆగినప్పుడు వినేవాళ్లకు ఆ గది వినబడుతుందని. ఎవరో దగ్గుతారు, కుర్చీ కిర్రుమంటుంది, ఆ తర్వాత తలలు పైకి లేస్తాయి. ఆ తలలు లేచాకే తర్వాతి వాక్యం చెప్పాలి.

ఎక్కడ ఆగాలన్నది సాఫ్ట్‌వేర్ చెప్పదు. అది మనమే చెప్పాలి, దానికి తెలుగు వాక్యం తీరు తెలిసుండాలి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. అవునా కాదా, ఉందా లేదా, చేస్తారా చేయరా అన్నది ఆఖరి మాట దాకా తేలదు. వినేవాడు అందాకా ఊపిరి బిగబట్టి ఉంటాడు. అందువల్ల మనకు రెండు రకాలుగా ఆగే వీలుంది. క్రియ ముందు ఆగితే ఉత్కంఠ: "మే నెల వచ్చేసరికి ఒక్కదాంట్లోనూ నీళ్లు..." అని ఆగి "ఉండవు" అనడం. క్రియ తర్వాత ఆగితే ఆలోచన: "నీళ్లుండవు" అనేసి ఊరుకోవడం. మొదటిది రక్తికడుతుంది కాబట్టి పిల్లలు వెంటనే దాన్ని పట్టుకుంటారు, ప్రతి వాక్యంలోనూ వాడేస్తారు, అప్పుడది నాటకంలా తయారవుతుంది. ఉపన్యాసం మొత్తానికి ఒక్కసారి చాలంటాను నేను. రెండోది ఎన్నిసార్లయినా పరవాలేదు. ముఖ్యంగా ఒక అంకె చెప్పాక, ఒక మనిషి కష్టం చెప్పాక, సభను ఒక ప్రశ్న అడిగాక. ప్రశ్న అడిగి జవాబు కూడా అదే ఊపులో చెప్పేస్తే ఇక అడగడం దేనికి?

"నెమ్మదిగా చెప్పు" అనే సలహా కూడా దీంతో సరిపోల్చి చూడొచ్చు. పిల్లలకు నెమ్మదిగా చెప్పమంటే ప్రతి అక్షరాన్నీ సాగదీస్తారు, ఆగమన్న చోట ఆగరు. ఎఫెక్ట్ మెనూలో ఛేంజ్ టెంపో ఉంది. గొంతు శ్రుతి మారకుండా వేగం మాత్రం తగ్గిస్తుంది. ఒక పేరాని పది శాతం నెమ్మది చేసి ఒకసారి, వేగం మార్చకుండా రెండు చోట్ల ఆపి ఇంకోసారి వినిపిస్తాను. మొదటిది నీరసంగా ఉంటుంది. రెండోది హుషారుగా ఉంటూనే అర్థమవుతుంది. వేగంగా మాట్లాడటం తప్పు కాదు, వేగంగా మాట్లాడి ఆగకపోవడమే ఇబ్బంది అని ఇలా వినిపించాక వేరే వివరణ అక్కర్లేదు.

పెద్దవాళ్లు ఎలా ఆగుతారో చూపించడానికి కూడా ఇదే వాడతాను. వాజ్‌పేయి గారు మాట మధ్యలో ఆగడానికి దేశమంతా పేరుపడ్డ మనిషి. కళ్లు మూసుకుని ఆగితే సభ మొత్తం ఆయన పెదవుల వైపు చూసేది. 1996 మేలో పదమూడు రోజుల ప్రభుత్వం పడిపోతున్నప్పుడు, రాజీనామా ఇవ్వడానికి రాష్ట్రపతి దగ్గరికి వెళుతున్నానంటూ లోక్‌సభలో ముగించిన ప్రసంగం వినిపిస్తాను. మా పిల్లలకు హిందీ అంతంతమాత్రం. అది మంచిదే అయింది. మాట అర్థం కాదు కాబట్టి ఆగడాన్నే వింటారు. లేబుల్ పెట్టే సదుపాయం ఉంది, కంట్రోల్ బీ నొక్కితే ఆ చోట చిన్న చీటీ అతుక్కుంటుంది. ఆగిన ప్రతిచోటా పిల్లల చేతే చీటీలు పెట్టిస్తాను. ఎనలైజ్ మెనూలో లేబుల్ సౌండ్స్ అని ఉంది, అది ఈ పని తనంతట తనే చేస్తుంది. ధ్వనుల మధ్య ఖాళీలకు గుర్తులు పెట్టమంటే పెడుతుంది. కానీ పిల్లలు చేత్తో చేస్తేనే నేర్చుకుంటారు.

తెలుగులో అయితే ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ గారు చెప్పిన రామాయణ, భారత ఉపన్యాసాలు వినమంటాను. మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ పెద్దవాళ్లు చెయ్యి ఆపి వినేవారు. రేడియోలో ఆగడం ఇంకా కష్టం. ముఖం కనబడదు, కాబట్టి నిశ్శబ్దం కొంచెం ఎక్కువైతే స్టేషన్ పోయిందనుకుంటారు. అయినా ఆ గొంతు తొందరపడేది కాదు.

ఆరుబయట సభల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా పిల్లలు ఆగస్టు పదిహేనుకీ జనవరి ఇరవై ఆరుకీ మాట్లాడేది అక్కడే. వీధి పొడుగునా స్తంభాలకు హారన్ స్పీకర్లు కడతారు. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే 170 మీటర్ల దూరంలో ఉన్న హారన్ నుంచి మాట అర సెకను ఆలస్యంగా వస్తుంది. వేదిక దగ్గర కూర్చున్నవాళ్లకు ఒక్కో మాటా రెండుసార్లు వినబడుతుంది, రెండోది తర్వాతి మాట మీద పడుతుంది. ఆగకుండా మాట్లాడితే అంతా ముద్ద. వాక్యం చివర ఒక సెకను ఆగితే వెనకబడిన మాట కూడా వచ్చి చేరుతుంది, అప్పుడు కొత్త వాక్యం శుభ్రంగా మొదలవుతుంది. గదిలో చేసిన రికార్డింగుకి ఎకో ఎఫెక్టులో అర సెకను ఆలస్యం పెట్టి వినిపిస్తే ఈ సంగతి పిల్లలకు చటుక్కున తెలుస్తుంది.

నాకు నచ్చని పరికరం ఒకటుంది. ట్రంకేట్ సైలెన్స్. రికార్డింగులో ఖాళీలన్నిటినీ వెతికి కత్తిరించేస్తుంది. మామూలు సెట్టింగులో అర సెకను దాటిన ఖాళీని అర సెకనుకి కుదిస్తుంది. మీటింగుల రికార్డింగులు పొట్టిచేసుకోవడానికి అది అవసరమే కావచ్చు. ఉపన్యాసం మీద మాత్రం దయచేసి వాడకండి. మైనస్ ఇరవై డెసిబెల్స్ (ధ్వని ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) కంటే తగ్గినదాన్నంతా అది నిశ్శబ్దం కింద లెక్కవేస్తుంది. తెలుగులో వాక్యం చివర గొంతు దిగుతుంది, ఆ దిగిన గొంతులోనే "లేదు", "రాదు", "ఉండవు" ఉంటాయి. మెల్లగా పలికితే అవి కూడా ఖాళీలో కలిసిపోయే ప్రమాదం ఉంది. వాడక తప్పదంటే ఆ హద్దుని మైనస్ నలభై దాకా దించి, కత్తిరించాక ఒకసారి మొత్తం వినండి. ఈమధ్య ప్రసంగాల వీడియోల్లో ఊపిరి కూడా లేకుండా కత్తిరించి అతికించడం చూస్తున్నాను. పిల్లలు అవి చూసి అలాగే మాట్లాడాలనుకుంటున్నారు. మనిషి అలా మాట్లాడలేడు, వినేవాడికీ అన్నిటిమీదా ఆలోచించే తీరిక దొరకదు. నాకు దిగులుగా ఉండే విషయం ఇది.

సాఫ్ట్‌వేర్‌కి ఉన్న అసలైన హద్దు మరొకటి. మర్చిపోయి ఆగినా, కావాలని ఆగినా గీత ఒకేలా ఉంటుంది. తేడా దాని అటూ ఇటూ వెతకాలి. మర్చిపోయినప్పుడు ఖాళీకి ముందు మాట సగంలో తేలిపోతుంది, తర్వాత "ఆ..." అనో "అంటే..." అనో ఎత్తు తక్కువ పట్టీ ఒకటి కనిపిస్తుంది. కావాలని ఆగితే ముందు వాక్యం పూర్తయి ఉంటుంది, తర్వాతి మాట నిటారుగా లేస్తుంది. అయినా కళ్లు ఎటు చూస్తున్నాయో ఇది చెప్పలేదు. నేల చూపులు చూస్తూ ఆగితే సభ జాలిపడుతుంది, జనం వైపు చూస్తూ ఆగితే ఎదురుచూస్తుంది. దానికి ఫోన్లో వీడియో తీయాల్సిందే. నేను రెండూ కలిపి వాడతాను.

మొదటిసారి తెరిచినప్పుడు మెనూలు చూసి కంగారుపడతారు. పడొద్దు. మన పనికి కావలసినవి రికార్డు బటన్, స్పేస్ బార్, జూమ్, సైలెన్స్, లేబుల్. మిగతావి ముట్టుకోనక్కర్లేదు. ఇయర్‌ఫోన్‌కి ఉండే మైకు చాలు. అసలు రికార్డింగుని వేరే పేరుతో సేవ్ చేసి, మార్పులు నకలు మీదే చేయండి. పిల్లలు ముందూ తర్వాతా పోల్చుకోవడానికి అది కావాలి. తెలుగు, ఇంగ్లీషు టీచర్లకూ, కొత్తగా సభల్లో మాట్లాడాల్సి వచ్చిన సర్పంచులకూ, ఉద్యోగంలో ప్రెజెంటేషన్ అంటే టెన్షన్ పడేవాళ్లకూ గట్టిగా సిఫారసు చేస్తాను. అయిదుకి నాలుగున్నర మార్కులు.

చివరగా టైము సంగతి, ఎందుకంటే పోటీలకు పంపే ప్రతి టీచరూ అడిగేది ఇదే. ఆగితే ఐదు నిమిషాలు సరిపోవు. నిజమే. ఆగడానికి చోటు కావాలంటే రాసుకున్నది తగ్గించాలి. తాగునీటి అమ్మాయి తన కాగితం తీసి, ఏ పేరా తీసేయాలి టీచర్ అని అడిగింది. ఏది తీసేస్తే ఎవరికీ తెలియదో అది తీసేయమన్నాను. కాసేపు చదువుకుని, భూగోళం ఉపరితలంలో డెబ్బై శాతం నీరే అంటూ మొదలయ్యే పేరా మొత్తం పెన్నుతో కొట్టేసింది. నమస్కారం పెట్టి, ఒకసారి అందరినీ చూసి, నేరుగా నాలుగు బోర్లతో ఎత్తుకుంది. రెండో బెల్లు కొట్టేలోపే ముగించింది.